ఒకే ఇంట్లో ఒకరికి ఆటిజం, ఇంకొకరికి మాటలు లేట్: రెండిటికీ వేరు ఒకటేనా?

"వాళ్ల నాన్నకి కూడా నాలుగేళ్ల దాకా మాటలు రాలేదు, వీడూ అంతే, వచ్చేస్తాయిలే" అని పెద్దవాళ్లు అంటుంటారు కదా. అందులో మొదటి సగం నిజంగానే సైన్స్, మాట ఇబ్బందులు తరాల మీదుగా వస్తాయి. రెండో సగానికి మాత్రం ఏ గ్యారంటీ లేదు. ఈ మధ్య దీని గురించే చదువుతున్నా, ముఖ్యంగా ఒకే కుటుంబంలో ఒక పిల్లాడికి ఆటిజం ఉండి వాడి అక్కకో అన్నకో కేవలం భాష దగ్గరే ఇబ్బంది ఉంటే ఆ రెండిటికీ సంబంధం ఉందా అన్న ప్రశ్న గురించి.

ముందు ఈ "కేవలం భాష" సంగతి. చెవులు బాగానే వినిపిస్తాయి, తెలివికి లోటుండదు, తలకి దెబ్బ తగల్లేదు, ఇంట్లో మాట్లాడేవాళ్లూ ఉన్నారు, అయినా పిల్లకి వాక్యం కుదరదు, చెప్పింది సగమే అర్థమవుతుంది, కొత్త మాటలు నిలవవు. ఇదివరకు దీన్ని ఎస్ఎల్ఐ (స్పెసిఫిక్ లాంగ్వేజ్ ఇంపెయిర్‌మెంట్) అనేవాళ్లు, 2017 నుంచి ఎక్కువగా డీఎల్‌డీ (డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్) అంటున్నారు. అమెరికాలో 1997లో వచ్చిన ఒక పెద్ద స్టడీలో కిండర్‌గార్టెన్ పిల్లల్లో దాదాపు 7 శాతం మందికి ఇది ఉందని తేలింది. ఆటిజం లెక్క అక్కడ 2025 రిపోర్ట్ ప్రకారం ఎనిమిదేళ్ల పిల్లల్లో 31 మందికి ఒకరు, అంటే 3 శాతం పైచిలుకు. రెండు లెక్కలూ వేరే కాలాలవి, వేరే పద్ధతులవి, కానీ ఆటిజం పేరు తెలియనివాళ్లు లేరు, డీఎల్‌డీ అంటే టీచర్లకే తెలీదు, అలాంటి పిల్లాణ్ణి బద్ధకస్తుడనో మొండివాడనో అనేసి ఊరుకుంటారు, నాకు ఒళ్లు మండేది అక్కడే.

జీన్స్, అంటే జన్యువుల కథ లండన్‌లోని ఒక కుటుంబంతో మొదలవుతుంది. రీసెర్చ్‌లో వాళ్లని కేఈ ఫ్యామిలీ అంటారు, అసలు పేరు బయటపెట్టలేదు. మూడు తరాలు చూస్తే అందులో సగం మందికి మాటలో తీవ్రమైన ఇబ్బంది. గ్రామర్ తడబడటమే కాదు, నోరు, నాలుక, పెదాలు వరసగా కదిలించడం కూడా కష్టమే. ఇంత నీట్‌గా సగం మందికి వచ్చిందంటే ఒక్క జీన్‌లోనే తేడా ఉండాలి అనుకుని వెతికారు, 1998లో ఏడో క్రోమోజోమ్ (జీన్స్ వరసగా ఉండే పోగు) మీద ఒక చోటు దాకా వెళ్లారు, అదే చోట క్రోమోజోమ్ విరిగిన, ఈ కుటుంబంతో ఏ సంబంధం లేని ఒక అబ్బాయి దొరకడంతో పని తేలికైంది, 2001లో ఆక్స్‌ఫర్డ్‌లో సైమన్ ఫిషర్, ఆంథనీ మొనాకో వాళ్ల టీమ్ ఆ జీన్ పేరు బయటపెట్టింది: ఫాక్స్‌పీ2. పేపర్లన్నీ "భాష జీన్ దొరికింది" అని రాసేశాయి. అదేం కాదు, అది వేరే జీన్స్‌ని ఎక్కువ తక్కువ చేసే రెగ్యులేటర్ లాంటి జీన్, పక్షుల్లో ఎలుకల్లో కూడా ఉంది. పైగా మామూలుగా మనం చూసే డీఎల్‌డీ పిల్లల్లో గానీ ఆటిజం పిల్లల్లో గానీ ఇదే ప్రధాన కారణం కాదని మరుసటి ఏడాదే ఇంకో స్టడీ చెప్పింది, ఆ వార్త మాత్రం ఎవరూ వేయలేదు.

కానీ ఆ దారి ఊరికే పోలేదు. ఫాక్స్‌పీ2 ఏయే జీన్స్‌ని అదుపు చేస్తుందో చూస్తూ పోతే సీఎన్‌టీఎన్‌ఏపీ2 అనే ఇంకో జీన్ తగిలింది (పేర్లు పెట్టేవాళ్లకి నోరు తిరుగుతుందో లేదో నాకు డౌటే). 2008లో దాని తేడాలకీ, భాష ఇబ్బంది ఉన్న కుటుంబాల పిల్లలకి భాష టెస్టుల్లో వచ్చిన స్కోర్లకీ లింక్ కనిపించింది, అదే ఏడాది వేరే గ్రూపులు దాన్నే ఆటిజంతో కలిపాయి. అందరూ ఎగిరి గంతేశారు. తర్వాత పెద్ద స్టడీలు వచ్చేసరికి ఆ లింక్ అంత గట్టిగా నిలబడలేదు.

అయితే రెండిటికీ వేరు ఒకటే అన్న ఆలోచన ఇంకా పాతది. 1977లో సూసన్ ఫోల్‌స్టీన్, మైకెల్ రట్టర్ 21 జతల కవల పిల్లల్ని చూశారు. అచ్చం ఒకేలా పుట్టిన, అంటే జన్యువులూ ఒకటే అయిన 11 జతల్లో నాలుగింటిలో ఇద్దరికీ ఆటిజం, మిగతా రకం కవలల పది జతల్లో ఒక్కదాంట్లో కూడా ఇద్దరికీ లేదు. అసలు విషయం దాని తర్వాత ఉంది: ఆటిజం ఒక్కటే కాకుండా భాష, ఆలోచనలో వచ్చే ఇబ్బందుల్ని కూడా లెక్కలోకి తీసుకుంటే 11లో తొమ్మిది జతల్లో ఇద్దరికీ ఏదో ఒక ఇబ్బంది ఉంది. అంటే వంశంలో దిగేది ఆటిజం అనే జబ్బు మొత్తంగా కాదేమో, దాంట్లో కొన్ని ముక్కలేమో. తల్లి ప్రేమ చూపకపోతే ఆటిజం వస్తుందన్న దుర్మార్గపు థియరీ ఇంకా చలామణిలో ఉన్న రోజుల్లో వచ్చిన స్టడీ ఇది, దానికి ఎంత విలువ ఇచ్చినా తక్కువే.

ఇక అసలు గొడవ. రట్జర్స్ యూనివర్సిటీలో లిండా బ్రుస్తోవిచ్ టీమ్ కావాలనే ఒకరికి ఆటిజం, ఇంకొకరికి భాష ఇబ్బంది ఉన్న కుటుంబాల్ని న్యూజెర్సీలో వెతికి పట్టుకుంది. 2014లో వాళ్లు 15, 16 క్రోమోజోమ్‌ల మీద కొన్ని చోట్లు చూపించి రెండిటికీ ఉమ్మడి మూలం ఉందన్నారు. ఇంకోవైపు ఆక్స్‌ఫర్డ్‌లో డోరొతీ బిషప్ వాళ్లు, పైకి ఒకేలా కనిపించినంత మాత్రాన ఒకటే అనుకోవద్దన్నారు. వాళ్ల టెస్ట్ భలే సింపుల్, "బలుతేమిగొ" లాంటి అర్థం లేని మాట చెప్పి తిరిగి చెప్పమంటారు. డీఎల్‌డీ పిల్లలు ఇక్కడే తడబడతారు, అది జన్యుపరంగా వచ్చే బలహీనత అని కవలల స్టడీల్లో తేలింది. భాష కూడా దెబ్బతిన్న ఆటిజం పిల్లలూ తడబడతారు, సరే. కానీ తల్లిదండ్రుల్ని టెస్ట్ చేస్తే డీఎల్‌డీ పిల్లల అమ్మానాన్నల్లో ఆ బలహీనత కనిపించింది, ఆటిజం పిల్లల అమ్మానాన్నల్లో కనిపించలేదు. వేరు ఒకటే అయితే ఇలా ఎందుకుంటుంది?

నాకైతే రెండు వాదనలూ కొట్టుకోవాల్సినవి కావనిపిస్తుంది. రట్జర్స్ వాళ్లు రెండూ ఉన్న ఇళ్లనే ఏరుకున్నారు, బిషప్ వాళ్లు అలా ఏరలేదు. ఆటిజం ఒక్క రకం కాదు, కొన్ని ఇళ్లలో రెండూ కలిసి దిగొచ్చు, కొన్నిట్లో వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే లక్షణంలా కనిపించొచ్చు.

ఇవన్నీ చదివి జీన్ టెస్ట్ చేయిస్తే తేలిపోతుందా అంటే, చాలామంది పిల్లల్లో కారణం ఒక్క జీన్‌లో ఉండదు, చిన్న చిన్న ప్రభావాలు బోలెడన్ని కలిస్తే వచ్చేది. ఆటిజం డయాగ్నోసిస్ అయితే డాక్టర్లు కొన్ని జన్యు పరీక్షలు రాస్తారు, ఒట్టి మాట ఆలస్యానికి సాధారణంగా రాయరు. అందరికీ ముందు చేయించాల్సింది వినికిడి టెస్ట్. రెండు భాషలు మాట్లాడితే పిల్లాడు కన్ఫ్యూజ్ అవుతాడని ఒకటి ఆపేస్తుంటారు, దాని వల్ల ఈ ఇబ్బంది రాదు, ఆపితే పోదు.

స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి వెళ్తే ఇంట్లోవాళ్ల సంగతి దాచకుండా చెప్పండి. ఆలస్యంగా మాట్లాడిన మేనత్త, చదవడం రాక బడి మానేసిన బాబాయి, నలుగురిలో నోరు మెదపని తాతయ్య, అన్నీ. పరువు సంగతి కాదు, పిల్లాడికి మాటలు వాటంతటవే వస్తాయా, ఇప్పుడే థెరపీ మొదలుపెట్టాలా అని అంచనా వేసేటప్పుడు వాళ్లు చూసేవాటిలో ఇదొకటి.