తువ్వాలు చీటీ చూసి మా అబ్బాయి అడిగింది

బడిలో మా అబ్బాయికి 'మీ ఊరి చరిత్ర' రాసుకురమ్మన్నారు. నేను వెంటనే వరంగల్ అన్నాను. కోట, వేయిస్తంభాల గుడి, రుద్రమదేవి, అన్నీ నేనే చెబుతానన్నాను. వాడు ఒప్పుకోలేదు. "అది నీ ఊరమ్మా. నేను పుట్టింది ఇక్కడ" అని కనాపొలిస్ గురించి రాయడానికి కూర్చున్నాడు. అమెరికాలోని ఉత్తర కరోలినాలో మేముండే కాంకర్డ్ పక్కనే ఆ ఊరు. వాడి స్నేహితుడి నానమ్మ అక్కడి మిల్లులో తువ్వాళ్లకు అంచులు కుట్టేదట.

నాకు కష్టంగానే అనిపించింది. అయినా వాడితోపాటు కూర్చుని చదివాను. చదివేకొద్దీ వదలబుద్ధి కాలేదు.

జేమ్స్ విలియం కానన్ అనే వ్యాపారి 1887లో కాంకర్డ్‌లో నూలు మిల్లు పెట్టాడు. 1906లో షార్లెట్ నగరానికి ఉత్తరాన పొలాలు కొని, అక్కడ మిల్లుతోపాటు కనాపొలిస్ అనే ఊరినే కట్టాడు. ఇళ్లు కంపెనీవి, వీధులు కంపెనీవి, దుకాణాల స్థలాలు కంపెనీవి. ఆయన తరువాత కొడుకు చార్లెస్ కానన్ 1971లో చనిపోయేదాకా దాన్ని నడిపాడు. వేలమంది బతికే ఆ ఊరికి 1984 దాకా మున్సిపాలిటీ లేదు, ఎన్నికైన మేయరు లేడు. అద్దె తక్కువే, కానీ పని పోతే ఇల్లూ పోతుంది. అలాంటి చోట యజమాని మీద నోరెత్తడం ఎంత కష్టమో వేరే చెప్పాలా? కార్మిక సంఘానికి అక్కడ ఓటింగులో గెలుపు దక్కింది 1999లో.

1982లో డేవిడ్ మర్డాక్ అనే వ్యాపారి ఆ కంపెనీని కొని, కొన్నేళ్లకే అమ్మేశాడు. కార్మికుల పెన్షన్ బాధ్యత ఒక బీమా కంపెనీ చేతికి వెళ్లింది. 1991లో ఆ బీమా కంపెనీ కూలిపోయింది. జీవితమంతా దూది ధూళి పీల్చి రిటైరైన వాళ్లకు వచ్చే చెక్కుల్లో కోత పడింది. చివరకు మిల్లు పిలోటెక్స్ అనే సంస్థ చేతికి వచ్చి, అప్పుల్లో మునిగి, 2003 జులై 30న మూతపడింది. ఆ ఒక్క రోజున ఉత్తర కరోలినాలో 4,000 మందికి పైగా పని పోయింది. ఆ తరువాత మర్డాక్ మళ్లీ వచ్చి అదే స్థలం కొన్నాడు. పొగగొట్టాలు కూల్చేసిన చోట 2008లో పరిశోధన కేంద్రం తెరిచారు.

ఇక్కడిదాకా రాశాక మా వాడు స్నానాల గదిలోంచి తువ్వాలు తెచ్చి, దాని చీటీ నా ముందు పెట్టాడు. భారతదేశంలో తయారైందని ఉంది. "అయితే వాళ్ల పని మనవాళ్లు తీసుకున్నారా?" అన్నాడు.

వరంగల్ 'నీ ఊరు' అన్నవాడు ఈ ఒక్క మాటకు 'మనవాళ్లు' అన్నాడు. నాకు సంతోషపడాలో బాధపడాలో తెలియలేదు.

దిగుమతులు ఒక కారణమే అని చెప్పాను. అప్పులు, చేతులు మారిన యాజమాన్యాలు, చవగ్గా కావాలనే పెద్ద దుకాణాలు, ఇవన్నీ చెప్పాను. ఆ తరువాత మా తాత సంగతి చెప్పాను. ఆయన వరంగల్ ఆజం జాహి మిల్లులో పనిచేశాడు. నిజాం కాలంలో, 1934లో పెట్టిన మిల్లు అది. మిల్లు కూత విని ఊరు పొద్దు లెక్కపెట్టుకునేదని అమ్మ చెప్పేది. అదీ మూతపడింది. మిల్లు భూమిలో ప్లాట్లు పడ్డాయి. కోట గురించి ఎన్నిసార్లు చెప్పినా పక్కకు చూసే పిల్లవాడు ఈ సంగతి చెబుతుంటే కదలకుండా విన్నాడు. తాతది ఏ షిఫ్టు, మగ్గం ఖాతాలోనా నూలు ఖాతాలోనా అని అడిగాడు. అమ్మకు ఫోను చేసి కనుక్కోవలసి వచ్చింది.

పిల్లలకు మన రాజుల కథలకంటే మన ఇంటి మనుషుల పని గురించి చెప్పండి అని తోటి తల్లులకు సలహా ఇవ్వాలనిపిస్తోంది. కానీ ఆ సలహా ఎంతవరకు పనికొస్తుందో నాకే నమ్మకం లేదు. వాడు 'నా ఊరు' అంటున్న ఈ ఊళ్లో 1964 పౌరహక్కుల చట్టం వచ్చేదాకా యంత్రాల మీద పని దాదాపుగా తెల్లవాళ్లదే. నల్లవాళ్లకు దక్కింది బేళ్లు మోయడం, ఊడ్వడం. ఆ రోజుల్లో మా తాత ఇక్కడికి వచ్చి పని అడిగి ఉంటే ఏ ద్వారం చూపించేవారు? ఊరిని సొంతం చేసుకుంటే ఈ చరిత్రనూ సొంతం చేసుకోవాలి కదా, ఆ భారం ఇంత చిన్నవాడి మీద పెట్టవచ్చా? ఇంట్లో వాణ్ని వరంగల్ వాడివని పట్టుబట్టే నేను, బయట ఎవరైనా ఏ ఊరని అడిగితే కాంకర్డ్ అంటాను, ఇంకెక్కడిదాన్నో అన్నట్టు మళ్లీ అడిగితే మనసు చివుక్కుమంటుంది. ఈ రెండు పట్టుదలలూ నాలో అలాగే ఉన్నాయి. ఏదీ వదులుకోవాలని లేదు.

ఆదివారం ఆ నానమ్మను కలిసి ఆమె మాటలు రాసుకోవాలని మా వాడి ఆలోచన. నన్నూ రమ్మన్నాడు. మా తాత సంగతి ఆమెతో చెబుతానంటున్నాడు. తన పని పోయిన మనిషికి ఆ మాట ఓదార్పుగా వినిపిస్తుందో, కొత్త గాయంగా తగులుతుందో నాకు తెలియడం లేదు. వాణ్ని వద్దనడానికి మాత్రం నాకు నోరు రావడం లేదు.