సాకాయ్‌లో సానరాయి బేరం

ఒసాకా వెళ్లినవాళ్లు కోట చూస్తారు, డోటొంబొరిలో ఫొటోలు దిగుతారు, నారా వెళ్లి జింకలకు బిస్కెట్లు పెడతారు. మేమూ అవన్నీ చేశాం. వాటి గురించి కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. నాకు రాయాలనిపించింది ఒసాకా పక్కనే ఉన్న సాకాయ్ అనే ఊరి గురించి, అందులోనూ అక్కడి ఒక చిన్న కత్తుల కొట్టు గురించి.

టెన్నోజీలో హన్‌కాయ్ ట్రాము ఎక్కాం. ఒకటే పెట్టె. ఇళ్ల పక్కనుంచి నిదానంగా వెళ్లి, సుమియొషి గుడి ముందు ఆగి, యమాతో నది దాటి సాకాయ్‌లోకి వస్తుంది. "నంబాలో రైలెక్కితే ఈపాటికి దిగిపోయేవాళ్లం పిన్నీ" అని మా అక్క కొడుకు దారంతా గొణుగుతూనే ఉన్నాడు. వాడికి అక్కడే ఉద్యోగం. వాడికి ఆ దారి పాతదే కానీ నాకు కొత్త కదా!

మ్యోకొకుజి మయె స్టాపులో దిగితే సాకాయ్ డెన్షోకాన్ అనే చేతివృత్తుల మ్యూజియం దగ్గరే. టికెట్ లేదు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు పొగాకు తెచ్చాక, ఆకు తరగడానికి ఈ ఊళ్లో కత్తులు చేయడం మొదలుపెట్టారట. తర్వాత అప్పట్లో జపాన్‌ను ఏలిన షోగన్ ప్రభుత్వం వాటికి తన ముద్ర కూడా ఇచ్చింది. ఇప్పటికీ ఇక్కడ కత్తి కొట్టేవాళ్లు వేరు, సాన పట్టేవాళ్లు వేరు, పిడి వేసేవాళ్లు వేరు. కత్తులు చూసి మురిసిపోయాను, ధరలు చూసి బయటికి వచ్చేశాను. నాకు కావాల్సింది కత్తి కాదు, డైమండ్ సానరాయి, అంటే పైన వజ్రపు రేణువులు అంటించిన పలక.

విజయవాడలో మా అపార్ట్‌మెంట్ లోపలికి సాన పట్టేవాళ్లను రానివ్వరు. మా వదిన ఆన్‌లైన్‌లో చవగ్గా తెప్పించుకున్న వజ్రపు రాయి రెండు నెలలకే నున్నగా అయిపోయింది. ఇక కత్తుల ఊరికే వెళ్తున్నాను కదా, అక్కడే మంచిది కొనుక్కుందాం అనుకున్నాను.

వీధి చివర కొట్టులో ఒక పెద్దాయన తడి చేతులతో సాన పడుతున్నారు. అక్కడ నాకు మొదటి ఆశ్చర్యం ఎదురైంది. కత్తిని మామూలు నీటిరాయి (నీళ్లతో తడిపి వాడే సానరాయి) మీదే రుద్దుతున్నారు. పక్కనున్న డైమండ్ ప్లేటు తీసి, కత్తి మీద కాదు, ఆ రాయి మీద రుద్దారు! మావాడిని అడగమన్నాను. నీటిరాయి వాడగా వాడగా మన సన్నికల్లులా మధ్యలో గుంట పడుతుంది. గుంట పడిన రాయి మీద కత్తి అంచు వంకర పోతుంది. అందుకని డైమండ్ ప్లేటుతో రాయిని చదును చేస్తారు. ఇంత గట్టి ఉక్కుకు, ఇంత పలచని అంచుకు గరుకు వజ్రం లోతైన గీతలు పెడుతుందనీ, ఒక్కోసారి అంచు పెచ్చు కూడా లేస్తుందనీ చెప్పారు. చదును చేసే ప్లేటును ఆయన కత్తికి అసలు వాడరు. రాయి నుంచి ఊడిన బురద వజ్రపు రేణువుల చుట్టూ ఉన్న నికెల్ పూతను తినేస్తుందట.

ఆ ప్లేటు ధర తొమ్మిది వేల యెన్లు. మన డబ్బుల్లో ఐదు వేలు! ఇంట్లో నీటిరాయే లేని నాకు అది దండగ.

"మీ కత్తి ఏది?" అని అడిగారు. ఫోన్‌లో మా కత్తిపీట ఫొటో చూపించాను. చేతిలో పని ఆపేసి, ఫొటో పెద్దది చేసి చాలాసేపు చూశారు. కాలితో తొక్కిపట్టి, కూరగాయనే కత్తి మీదికి నెడతామని నేను నేల మీద కూర్చుని చూపించాను. ఆయన కూడా నా ఎదురుగా కూర్చుని కాలు పెట్టి చూశారు. నవ్వలేదు. ఒక పనివాడు ఇంకో పనిముట్టును చూసే చూపు అది, నాకు ఎంత నచ్చిందో! తర్వాత లోపలికి వెళ్లి, పిడి ఉన్న చిన్న డైమండ్ రాయి తెచ్చారు. కత్తి కదలదు కాబట్టి రాయే కదలాలి అన్నారు.

గరుకు ఎంతుండాలో నంబరు చూసి తేల్చుకోవద్దన్నారు. ఒక్కో దేశం కొలత ఒక్కో రకం కాబట్టి రేణువు ఎన్ని మైక్రాన్లో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చూడమన్నారు. 45 మైక్రాన్లది బాగా మొద్దుబారినదానికి, 25 మామూలు వాడకానికి, 9 మెరుగు పెట్టడానికి. మన వంటింటికి 25 చాలు. టమాటా తొక్క మీద జారకుండా దిగాలంటే అంచులో కాస్త గరుకు ఉండాలి మరి.

మావాడు నేను చూస్తానని రాయి తీసుకుని గట్టిగా రుద్దబోయాడు. పెద్దాయన ఏమీ అనకుండా వాడి మణికట్టు కింద వేలు పెట్టి పైకి లేపారు. వజ్రం అరగడం కంటే ముందు ఊడిపోతుంది, చెయ్యి బరువు మించి నొక్కితే ఆ పూతలోంచి లేచిపోతుంది. మా వదిన రాయి గతి ఎందుకు అలా అయ్యుంటుందో అప్పుడు తోచింది. కొత్తలో మరీ గరుగ్గా తగిలినా కంగారు పడక్కర్లేదు, కొంత వాడాక సర్దుకుంటుంది.

నూనె వద్దు, నీళ్లు చాలు. పని అయ్యాక పాత టూత్‌బ్రష్, గిన్నెలు తోమే పొడి వేసి రుద్దితే రేణువుల మధ్య ఇరుక్కున్న ఇనుప పొడి పోతుంది. తర్వాత పొడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి, తడిగా వదిలేస్తే అంచుల్లో తుప్పు పడుతుంది. డ్రాయర్‌లో గరిటెలతో కలిపి పడెయ్యకూడదు.

చిన్న రాయికి మూడు వేల రెండు వందల యెన్లు తీసుకున్నారు. అదీ తక్కువేమీ కాదు, బేరమాడితే బాగుండదని మావాడు చెయ్యి పట్టుకున్నాడు. చెకిన్ బ్యాగులో పెట్టి తెచ్చాను.

ఇప్పుడు కత్తిపీటను గోడకు ఆనించి, పాదంతో తొక్కిపట్టి, మొదలు నుంచి కొసకు రాయి నడుపుతాను, వేళ్లు అంచు దాటి ముందుకు రానివ్వను. అవతలి వైపు సన్నటి గరుకు వేలికి తగలగానే వైపు మారుస్తాను. మా కత్తిపీట పాత ఇనుముది కాబట్టి తుడిచాక దానికి మాత్రం ఒక చుక్క కొబ్బరినూనె రాస్తాను. రోజూ అక్కర్లేదు, టమాటా జారినప్పుడు సాన పట్టుకుంటే చాలు.