మూడు వరుసల కామెంట్ కోసం రివ్యూలో పడ్డ పాట్లు: నా అనుభవం

నిన్న సాయంత్రం నా మార్పు రివ్యూ (కలిపే ముందు జట్టువాళ్లు చేసే పరిశీలన) దాటి ఎట్టకేలకు ప్రధాన కోడులో కలిసింది. గొడవ మొదలైంది ఒక కామెంట్ దగ్గర, అంటే కోడు మధ్యలో మనుషుల కోసం రాసే వివరణ దగ్గర. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను. కొన్నాళ్లు ఆగితే మర్యాద అడ్డొచ్చి సగం మాటలు నేనే మింగేస్తాను.

నేను భీమవరంలో ఇంటి నుంచే పని చేస్తాను. మా సంస్థ రొయ్యల కొనుగోలుదారులకు లెక్కల సాఫ్ట్‌వేర్ తయారు చేస్తుంది. నాకు అప్పగించిన పని చిన్నదే. చెరువు గట్టున తూకం వేసి కౌంట్ నమోదు చేయగానే రైతుకు రావలసిన ధర తెర మీద చూపించాలి. కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ సంఖ్య. అది తగ్గే కొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. ధరల పట్టిక మాత్రం 30, 40, 50 అంటూ పదుల్లోనే ఉంటుంది. మధ్యలో పడితే ఏం చేయాలన్నదే అసలు చిక్కు. మేము పని చేస్తున్న కొనుగోలుదారు ఒప్పందం ప్రకారం, రెండు ధరల మధ్య తేడాను ఒక్కో కౌంటుకు సమానంగా పంచాలి. 30 కౌంట్ ధర 450 రూపాయలు, 40 కౌంట్ ధర 390 అనుకుందాం. 37 కౌంట్ పడితే కౌంటుకు ఆరు చొప్పున 42 తగ్గి 408 రావాలి. 37ను 40 కౌంట్‌గానే లెక్కేస్తే 390 వస్తుంది. కిలోకు 18 రూపాయలు, టన్నుకు 18 వేలు. మా బాబాయి ఆకివీడు దగ్గర వనామి రకం రొయ్యలు సాగు చేస్తారు. ఆ 18 వేలు పోతే ఆ ఇంట్లో ఏం ఆగిపోతుందో నాకు తెలుసు.

కోడు రాయడం, టెస్టులు పెట్టడం ఇబ్బంది లేకుండా అయిపోయాయి. వరుసల అమరిక సంగతి ఫార్మాటర్ అనే పనిముట్టు చూసుకుంది. వరుస మొదట్లో వదిలే ఖాళీకి ట్యాబులా, స్పేసులా అని జుట్టూ జుట్టూ పట్టుకునేవాళ్లను చూస్తే నాకు జాలి. పైథాన్ శైలి పత్రం నాలుగు స్పేసులు పెట్టమంటుంది, గో భాష ఫార్మాటర్ ట్యాబులే పెడుతుంది, లినక్స్ కెర్నల్‌లో (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కోడులో) ట్యాబు వెడల్పు ఎనిమిది అక్షరాలు. మూడూ చక్కగా నడుస్తున్నాయి. ఏదో ఒకటి ఎంచుకుని పనిముట్టుకు అప్పగించి ఊరుకోవాలి.

ఇక రివ్యూ. కొత్తగా వచ్చిన మా లీడ్ (జట్టు పెద్ద) దగ్గర నియమాల పట్టిక ఒకటి ఉంది. ఫంక్షన్ (ఒక పని చేసి పెట్టే కోడు ముక్క) పది వరుసలు దాటకూడదు. కామెంట్ ఉండకూడదు. ఒకే రకం కోడు రెండు చోట్ల కనబడకూడదు. ఏ నియమం ఎందుకు పుట్టిందో అందులో ఒక్క ముక్క లేదు. నా మార్పు మీద అభ్యంతరాలు రాసి పంపితే సరిపోయేది. అలా చేయకుండా, జట్టు మొత్తం ఉన్న వీడియో కాల్‌లో నా కోడు తెర మీద పెట్టారు. నిన్నమొన్న చేరిన పిల్లలు కూడా ఉన్నారు.

"మేడమ్, ఆ కామెంట్ ఒకసారి పైకి చదవండి" అన్నారు.

చదివాను. "మధ్య కౌంట్లను దగ్గరి పదికి సర్దకూడదు. ఒప్పందం ప్రకారం ధర తేడాను కౌంటుకు సమానంగా పంచాలి. మేత రాయితీ పట్టికకు ఇది వర్తించదు."

"ఇంత వివరణ రాయాల్సి వచ్చిందంటే, చదవగానే అర్థమయ్యే కోడు రాయడం మీకు రాలేదనే కదండీ?"

పదిహేనేళ్లుగా ఇదే వృత్తిలో ఉన్నాను. నేను రాసిన బిల్లింగ్ కోడు నాలుగు జిల్లాల్లో ఈ రోజుకీ నడుస్తోంది. ఆ మాటకు కాల్‌లో ఒక్కరూ నోరు మెదపలేదు. తరవాత తాడేపల్లిగూడెం అమ్మాయి మాత్రం "అక్కా, ఆ కామెంట్ లేకపోతే నేనే దాన్ని పదికి సర్దేసేదాన్ని" అని విడిగా సందేశం పెట్టింది. నా వాదన కూడా అదే. ఫంక్షన్‌కు ఎంత మంచి పేరు పెట్టినా అది చేసే పనే చెబుతుంది. ఆ పని అలాగే ఎందుకు చేయాలో చెప్పే ఒప్పందం కాగితం, ఉండి ఊరికి వెళ్లే రోడ్డులోని ఒక ఆఫీసు బీరువాలో ఉంది. రేపు ఈ కోడు ముట్టుకునే మనిషికి ఆ బీరువా తాళం ఎవరిస్తారు? చేస్తున్న పనినే మళ్లీ వల్లించే కామెంట్లు చెత్త, నేనూ తీసేయిస్తాను. కారణం చెప్పే కామెంట్ తీసేయమనడం మాత్రం అన్యాయం.

అంతటితో వదల్లేదు. మేత బస్తాల రాయితీ లెక్కించే ఫంక్షన్, నా ధర ఫంక్షన్ ఒకేలా ఉన్నాయట, కలిపేయమన్నారు. రెండూ పట్టికలో వెతుకుతాయి నిజమే. కానీ మేత రాయితీ మెట్లుగా మారుతుంది, రొయ్య ధర మధ్యలో పంచుకుంటూ పోతుంది. ఒకటి డీలరు మాట మీద, రెండోది ఆ రోజు మార్కెట్ మీద నడుస్తుంది. కలిపితే "పంచాలా వద్దా" అని ఒక జెండా (అవును-కాదు గుర్తు) పెట్టాలి, మరో పట్టిక రాగానే ఇంకో జెండా. ఒకే విషయాన్ని రెండుచోట్ల చెప్పకూడదన్న సూత్రాన్ని 1999లో తమ పుస్తకంతో ప్రచారంలోకి తెచ్చిన ఆండ్రూ హంట్, డేవిడ్ థామస్ ఉద్దేశించింది జ్ఞానాన్ని. కంటికి ఒకేలా కనబడే వరుసలన్నీ కలిపేయమని వాళ్లు అనలేదు. ఈ మాట కాల్‌లోనే చెప్పాను. "నియమాల పట్టికలో అలా లేదండీ" అన్నది జవాబు.

నియమం పుట్టిన కారణం మరిచిపోతే ఇలాగే ఉంటుంది. గోటూ (కోడులో ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకించే ఆదేశం) హానికరమని కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1968లో లేఖ రాస్తే, అది పనికొచ్చే చోట్లు కూడా ఉన్నాయని 1974లో మరో శాస్త్రవేత్త కనూత్ సుదీర్ఘంగా వాదించారు. లినక్స్ కెర్నల్ ఇప్పటికీ ఫంక్షన్ నుంచి బయటపడే ముందు శుభ్రపరిచే పని ఒకే చోట ముగించడానికి దాన్ని వాడుకోనిస్తుంది. అంత పెద్దవాళ్లు కారణాలు చూపించి వాదించుకున్నారు. మనకేమో పట్టిక చాలు!

నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఇంకొకటి. డబ్బు మొత్తాలను కోడులో ఏ రూపంలో ఉంచానని ఎవరూ అడగలేదు. పైథాన్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. దశాంశాల్లో ఇలా చిన్న తేడాలు దొర్లుతాయి, అందుకే నేను ప్రతి మొత్తాన్నీ పైసల్లో పూర్ణాంకంగా పెట్టాను. రివ్యూ చేసేవాళ్లు మొదట వెతకాల్సింది అది. వరుసలు లెక్కపెట్టే తీరికలో ఆ ఊసే రాలేదు.

చివరికి గట్టెక్కించింది పాత చీటీలు. కొనుగోలుదారు గుమాస్తాగారిని అడిగితే పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టిన) రోజుల చీటీలు ఫొటోలు తీసి పంపారు. తడిసి సిరా అలికినా కౌంట్, ధర కనిపిస్తున్నాయి. పదులకు మధ్య పడ్డ కౌంట్లన్నీ ఏరి ఒక్కొక్కటీ ఒక టెస్టుగా రాశాను. లీడ్‌గారు తానే రెండు ఫంక్షన్లూ కలిపి చూపిస్తానన్నారు, చూపించారు. కలిపిన కోడు మెట్ల పద్ధతిలో లెక్కేసి చీటీలన్నిటి దగ్గరా తప్పింది. అప్పుడు అడ్డు చెప్పడం ఆగింది.

మీకు ఇలాంటిది ఎదురైతే, అభ్యంతరం కారణంతో సహా రాతపూర్వకంగా ఇమ్మనండి. నలుగురి ముందు కోడు చదివించే రివ్యూకు వెళ్లనే వెళ్లకండి. టెస్టులకు ఊహించిన అంకెలు పెట్టకండి, వ్యాపారం చేసేవాళ్ల దగ్గర నిజమైన కాగితాలు అడిగి తెచ్చుకోండి. అడిగితే సంతోషంగా ఇస్తారు.

కామెంట్ ఉన్నది ఉన్నట్టే ప్రధాన కోడులోకి వెళ్లింది. పది వరుసల నియమం ఇంకా పట్టికలోనే ఉంది. నా ఫంక్షన్ పద్నాలుగు వరుసలు. విడగొట్టమని మళ్లీ అడిగారు, కారణం రాసి పంపమన్నాను. ఇంకా రాలేదు.