పోస్ట్‌డాక్ పోటీల్లో మూడు నిమిషాలు: జడ్జి నోట మిగిలే వాక్యం

మెడికల్ స్కూల్లో పోస్ట్‌డాక్‌లకి (పీహెచ్‌డీ అయ్యాక ల్యాబ్‌లో పరిశోధన చేసేవాళ్లకి) జరిగే పరిశోధన పోటీకి జడ్జీలుగా వచ్చేవాళ్లలో మీ రంగం వాళ్లు ఉంటే ఒకరుంటారు. మిగతావాళ్లలో ఒకరు గుండె డాక్టరు కావచ్చు, ఒకరు బయోస్టాటిస్టిక్స్ ప్రొఫెసరు, ఇంకొకరు డీన్ ఆఫీసు మనిషి. అందరి ప్రసంగాలూ అయ్యాక వాళ్లు ఒక గదిలో కూర్చుని మార్కులు పోల్చుకుంటారు. అక్కడ మీ తరఫున మాట్లాడడానికి మీరుండరు. మీరు కనిపెట్టిందేమిటో పక్కవాళ్లకి ఒక్క వాక్యంలో చెప్పగలిగే జడ్జి ఒక్కరైనా ఉండాలి. గెలుపు చాలావరకు అక్కడే తేలిపోతుంది. అందుకే తయారీ మొదలుపెట్టాల్సింది స్లైడుతో కాదు, ఆ వాక్యంతో.

చిన్న ప్రసంగాల పోటీలకి చాలాచోట్ల నమూనా 2008లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీలో మొదలైన త్రీ మినిట్ థీసిస్. అది పీహెచ్‌డీ విద్యార్థుల కోసం పెట్టింది. ఒకటే స్లైడు, అదీ కదలనిది. యానిమేషన్, వీడియో, శబ్దం ఉండకూడదు, చేతిలో వస్తువులు పట్టుకోకూడదు. మూడు నిమిషాలు దాటితే పోటీ నుంచి తీసేస్తారు. పోస్ట్‌డాక్‌ల పోటీలు ఈ నియమాల్ని కొద్దో గొప్పో మార్చుకుని వాడతాయి. కాబట్టి నియమాల కాగితం చివరిదాకా చదవండి: పీహెచ్‌డీ అయ్యి ఎన్నేళ్లలోపు వాళ్లు అర్హులు, ఎండీ చేసిన క్లినికల్ ఫెలోలు కూడా రావచ్చా, ఇప్పటికే అచ్చయిన పని చెప్పవచ్చా, అబ్‌స్ట్రాక్ట్‌లో (ముందుగా పంపే సారాంశంలో) ల్యాబ్ పేరు ఉండవచ్చా. పేర్లు దాచి చదివే పోటీలో "మా ల్యాబ్ ఇంతకుముందు చూపినట్టు" అని రాస్తే ఆ దాపరికం అక్కడితో పోయినట్టే.

మూడు నిమిషాలంటే 180 సెకన్లు. ఇంగ్లీషులో నిమిషానికి 130 పదాల చొప్పున 390 పదాలు పడతాయి, కానీ స్క్రిప్టు 350 దగ్గర ఆపాలి. ఆ మిగులు ఊపిరికి, స్లైడు చూపించే క్షణానికి, నాలుక తడబడితే సర్దుకోవడానికి. సమయం చాలనివాళ్లలో ఎక్కువమంది చివర్లో కాదు, మొదటి నిమిషంలోనే దెబ్బతింటారు. స్క్రిప్టులో లేని ఒకటి రెండు వాక్యాలు అక్కడ దూరతాయి, వాటి మూల్యం ఫలితం చెప్పాల్సిన చోట చెల్లించాల్సి వస్తుంది. సమస్యకి 30 సెకన్లు, ప్రశ్నకి 20, పద్ధతికి 40, ఫలితానికి 60 ఇస్తే, దాని అర్థం ఏమిటో చెప్పడానికి 30 మిగులుతాయి. మొదటి రెండు వాక్యాలు, చివరి రెండు వాక్యాలు అక్షరం పొల్లు పోకుండా నోటికి రావాలి. మధ్యలోది వరస గుర్తుంటే చాలు.

ఉదాహరణకి ఒకరి పని సెప్సిస్‌లో (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితిలో) కిడ్నీలు దెబ్బతినడం మీద అనుకుందాం. మామూలుగా వినిపించే మొదటి వాక్యం ఇలా ఉంటుంది: "సెప్సిస్ వల్ల కలిగే తీవ్ర మూత్రపిండ వైఫల్యంలో మైటోకాండ్రియా లోపాల పాత్రను మేం పరిశీలించాం." ఇందులో తప్పేమీ లేదు, కానీ వినేవాడు పట్టుకోవడానికీ ఏమీ లేదు. దాని బదులు: "ఒంట్లో ఇన్ఫెక్షన్ ముదిరి ఐసీయూలో చేరిన మనిషి కిడ్నీ దెబ్బతింటే, రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం పెరిగి మనకి ఆ సంగతి తెలిసేసరికి ఒకటి రెండు రోజులు గడిచిపోవచ్చు. ఆ లోపే పసిగట్టగలమా?" ఇప్పుడు గుండె డాక్టరు తన వార్డులో చూసిన కేసు తలుచుకుంటారు. స్టాటిస్టిక్స్ ప్రొఫెసరు "ఎంత ముందుగా? ఎన్ని కేసులు తప్పిపోతాయి?" అని మనసులోనే అడిగేస్తారు. కణాలకి శక్తినిచ్చే మైటోకాండ్రియా మాట ఆ తర్వాత వస్తే దానికో చోటు దొరుకుతుంది.

స్లైడు మీద పేపర్లోని బొమ్మని యథాతథంగా అతికించడం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే పొరపాటు. A నుంచి H దాకా ప్యానెళ్లున్న బొమ్మని చదువుకోవడానికి గీస్తాం, వింటూ చూడడానికి కాదు. ఒక్క గ్రాఫ్ ఉంచండి. అక్షరాలు 24 పాయింట్లకి తగ్గకూడదు. ఏ రంగు ఏమిటో చెప్పే పట్టీ మూలన పెట్టకుండా ఏ గీత ఏదో గీత పక్కనే రాయండి. ఎరుపు, ఆకుపచ్చ కలిపి వాడకండి. ఉత్తర ఐరోపా మూలాలున్న మగవాళ్లలో సుమారు 8 శాతం మందికి ఆ రెండూ సరిగ్గా వేరుపడవు. ఫ్లోరెసెన్స్ బొమ్మల్లో (మెరిసే రంగులతో మైక్రోస్కోపు కింద తీసినవాటిలో) ఎరుపు స్థానంలో మెజెంటా పెడితే సరిపోతుంది.

అంకెల దగ్గర పోటీలో ఉన్నవాళ్లు సగం తయారీతో వస్తారు, నిజంగా బాధ కలిగేది ఇక్కడే. మూడు ఎలుకల నుంచి వందేసి కణాలు లెక్కపెట్టి n = 300 (నమూనాల సంఖ్య 300) అని రాస్తే స్టాటిస్టిక్స్ తెలిసిన జడ్జి ముందు అక్కడే ఆగుతారు, ఎందుకంటే ఒకే ఎలుకలోని కణాలు ఒకదానికొకటి సంబంధం లేనివి కావు. లెక్కలోకి వచ్చేవి మూడు ఎలుకలే. గ్రాఫ్ మీది ఎర్రర్ బార్ ఎస్‌డీనా (కొలతలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పేది), ఎస్‌ఈఎమ్మా (సగటు ఎంత కచ్చితమో చెప్పేది) అన్నది స్లైడు మీదే రాసి ఉండాలి. ముప్పు 2 శాతం నుంచి 1 శాతానికి తగ్గితే "సగానికి తగ్గింది" అనడం అబద్ధం కాదు, కానీ ఒకరికి మేలు జరగాలంటే వందమందికి చికిత్స చేయాలన్న సంగతి అది దాచేస్తుంది. రెండూ కలిపి చెప్పినవాళ్ల మీద జడ్జికి నమ్మకం కుదురుతుంది.

రోగుల వివరాల విషయంలో ఫైలు లోపల దాగి ఉండేవే ప్రమాదం. పవర్‌పాయింట్‌లో ఫోటోని క్రాప్ చేస్తే కత్తిరించిన భాగం కంటికి కనపడదు గానీ ఫైలులోనే ఉంటుంది. కంప్రెస్ పిక్చర్స్‌లోకి వెళ్లి ఆ భాగాల్ని తీసేయమని చెబితేనే పోతుంది. ఎక్సెల్ చార్టుని వర్క్‌బుక్‌తో సహా పేస్ట్ చేస్తే, ఆ చార్టు మీద రెండుసార్లు నొక్కినవాళ్లకి వర్క్‌బుక్ మొత్తం తెరుచుకోవచ్చు, అందులో రోగుల పేర్లున్న షీటు ఉంటే అదీ. చార్టుని బొమ్మగా పేస్ట్ చేయండి. అల్ట్రాసౌండ్ చిత్రాల పైన పేరు, తేదీ చిత్రంలోనే అచ్చయి ఉంటాయి. అమెరికాలో రోగుల వివరాల గోప్యతని కాపాడే హిపా చట్టం కింద తీసేయాల్సిన వివరాలు 18 రకాలు. సంవత్సరం తప్ప మిగతా తేదీలు, 89 దాటిన వయసులు కూడా వాటిలో ఉన్నాయి.

పనిలో పేటెంట్ అవకాశం ఉంటే, బయటివాళ్లు వినే పోటీలో మాట్లాడడమే బహిరంగ వెల్లడి అవుతుంది. అమెరికాలో ఆ తర్వాత దరఖాస్తుకి ఏడాది గడువుంటుంది, ఐరోపాలో మామూలుగా అదీ ఉండదు. పోటీకి పేరిచ్చే ముందే యూనివర్సిటీలో పేటెంట్ల పని చూసే టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ ఆఫీసుకి ఒక మాట చెప్పాలి.

ప్రశ్నల సమయంలో పోస్ట్‌డాక్‌లకి తప్పకుండా ఎదురయ్యేది "ఇందులో మీరు చేసిందేమిటి?" ప్రసంగం అంతా "మేం" అంటూ సాగితే ఈ ప్రశ్న దానంతటదే వస్తుంది. ఆలోచన పీఐది (ల్యాబ్ పెద్దది), ఎలుకల నమూనా పక్క ల్యాబ్‌ది, కొలిచే పద్ధతి నాది, విశ్లేషణ నాది అని నాలుగు ముక్కల్లో చెబితే గౌరవం పెరుగుతుందే గానీ తగ్గదు. జవాబు 30 సెకన్లు దాటనివ్వకండి. చేయని ప్రయోగం గురించి అడిగితే చేయలేదని చెప్పి, చేస్తే ఏ కంట్రోల్ (పోల్చి చూసే గుంపు) పెడతారో చెప్పండి. ఎలుకల్లో వచ్చిన ఫలితాన్ని మనుషుల మందుగా చెప్పుకుంటే మాత్రం, డాక్టర్లు కూర్చున్న హాల్లో పోయిన నమ్మకాన్ని మళ్లీ కూడదీసుకోవడం కష్టం.

పోస్టర్ పోటీ అయితే పైన పెద్ద అక్షరాల్లో ఫలితమే శీర్షికగా ఉండాలి, రెండు నిమిషాల్లో చెప్పగలిగే మాట సిద్ధంగా ఉండాలి. మిగతాదంతా అడిగినవాళ్ల కోసం.

నిర్వాహకులకి రెండు మాటలు. ఒక జడ్జి చేతి బిగువు మనిషి, ఇంకొకరు ఉదారంగా వేస్తారు. వేర్వేరు జడ్జీలు చూసిన అభ్యర్థుల మార్కుల్ని నేరుగా సగటు తీస్తే, బిగువు జడ్జి దగ్గరికి వెళ్లినవాళ్లకి అన్యాయం జరుగుతుంది. ప్రతి జడ్జి మార్కుల్ని ఆ జడ్జి వరసలో స్థానాలుగా మార్చి కలపండి, ఒక్కొక్కరిని కనీసం ముగ్గురు చూసేలా పంచండి, సొంత ల్యాబ్ వాళ్లకి మార్కులు వేయనివ్వకండి. జడ్జీలు రాసిన వ్యాఖ్యల్ని ఓడినవాళ్లకి కూడా వారంలోపు పంపండి. ఉద్యోగం ఇంటర్వ్యూ ప్రసంగానికి తయారవుతున్న పోస్ట్‌డాక్‌కి బహుమతి కన్నా ఆ కాగితమే ఎక్కువ పనికొస్తుంది.