మారు అన్నం రెండు డాలర్లు

“అన్నా, ఏమీ అనుకోవద్దు. ఇకనుంచి మారు అడక్కండన్నా.”

రెండు నెలల కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం, సింగపూర్ లిటిల్ ఇండియాలో నేను ఎప్పుడూ తినే ఆంధ్రా హోటల్లో, వడ్డించే కుర్రాడు నాతో అన్న మాట ఇది. ఒకసారి కౌంటరు వైపు చూసి, గొంతు తగ్గించి మరీ అన్నాడు. అప్పటికి నా చేయి పప్పన్నంలో ఉంది. ముద్ద కలుపుతూ ఏం సమాధానం చెబుతాం? సరేనని తలూపాను. ఉన్న అన్నంలోనే పప్పుకీ పులుసుకీ పెరుగుకీ వాటాలు వేసుకుని, బిల్లు కట్టి, రేస్ కోర్స్ రోడ్డు మీదికి వచ్చి ఎండలో నిలబడ్డాక అప్పుడొచ్చింది కోపం. ఎవరి మీద అంటే మాత్రం చెప్పలేను.

కోపం దేనికో చెప్పాలంటే నా తిండి లెక్క కొంత చెప్పాలి.

నేను సింగపూర్ వచ్చింది 2019లో. చాంగీ బిజినెస్ పార్కులో ఒక ఐటీ కంపెనీ తరఫున టెస్టింగ్ పని. నాది ఎస్ పాస్, అంటే మధ్యస్థాయి ఉద్యోగులకి ఇచ్చే పని అనుమతి. భార్యాపిల్లల్ని ఇక్కడికి తెచ్చుకోవాలంటే నెలకి 6,000 సింగపూర్ డాలర్ల జీతం చూపించాలి, నా జీతం ఆ గీతకి చాలా కింద ఉంది. అందుకని మా ఆవిడా పాపా తెనాలిలో, నేను టాంపనీస్‌లో ఒక హెచ్‌డీబీ ఫ్లాట్లో, అంటే ప్రభుత్వం కట్టించిన ఫ్లాట్లో, ఒక అద్దె గదిలో. ఆ గది ప్రకటనలోనే ‘లైట్ కుకింగ్ ఓన్లీ’ అని రాసి ఉంది. తక్కువ వండుకోమని కాబోలు అనుకున్నాను. ఆవాలు చిటపటలాడకూడదని దాని అర్థమట. రైస్ కుక్కర్ పెట్టుకోవచ్చు, గుడ్లు ఉడకబెట్టుకోవచ్చు, మ్యాగీకి అభ్యంతరం లేదు. తాలింపు మాత్రం వద్దు. ఒకసారి ఇంటావిడ మలేషియా వెళ్ళిందని ధైర్యం చేసి గుత్తివంకాయ చేశాను. ఆవిడ మూడోరోజు తిరిగొచ్చి, తలుపు దగ్గరే ఆగి, ముక్కెగరేసి, ఒక్క మాట కూడా అనకుండా సోఫా గలీబులన్నీ తీసి వాషింగ్ మెషీన్లో వేసింది. తిట్టినా బాగుండేది.

అమెరికాలో ఉన్న మావాళ్ళు ఫోన్ చేసినప్పుడల్లా “బయట ఎందుకు తగలేస్తావు, ఇంట్లో వండుకోవచ్చుగా” అంటారు. వాళ్ళకేం, చేపల పులుసుకి గరాజ్‌లో ఇంకో పొయ్యి ఉంటుంది. నాకు బయట తినడం సరదా కాదు, పొయ్యి లేనివాడి గతి.

అన్నం వరకు గదిలో వండుకుని కూరలు బయట కొనుక్కుందామని కూడా చూశాను. హైదరాబాదులో బ్రహ్మచారులందరం అలాగే బతికాం కదా, సందుకో కర్రీ పాయింటు. ఇక్కడ కూర ఒక్కటే ఇమ్మంటే అన్నంతో కలిపి తీసుకున్న దానికన్నా ఎక్కువ పడింది. పైగా పార్సిల్ డబ్బాకి 30 సెంట్లు. ఇలా వారం రోజులు చేసి, మిగిలింది కుక్కర్ కడిగే పని తప్ప ఇంకేమీ లేదని తేలాక మానేశాను.

సోమవారం నుంచి శనివారం దాకా నన్ను పోషించేది హాకర్ సెంటరు. వీధుల్లో తోపుడు బళ్ళ మీద అమ్ముకునేవాళ్ళని ప్రభుత్వం 1970ల్లో, 80ల్లో ఒక కప్పు కిందికి చేర్చి, నీళ్ళూ కరెంటూ ఇచ్చి కూర్చోబెడితే తయారైనవి ఇవి. దీవి మొత్తం మీద వందకి పైగా ఉన్నాయి. 2020 డిసెంబరులో యునెస్కో వాళ్ళు కూడా ఈ హాకర్ సంస్కృతిని వారసత్వ సంపదగా గుర్తించారు. నాకు తెలిసిన వారసత్వం ఎకానమీ రైస్. అద్దం వెనక ఇరవై రకాల కూరలు పళ్ళేల్లో ఉంటాయి, వేలు పెట్టి చూపించడమే, ఆంటీ అన్నం మీద వేసి ఇస్తుంది. నేను వచ్చిన కొత్తలో రెండు కూరలూ ఒక కోడి ముక్కా 3.50. ఇప్పుడు అదే పళ్ళెం 5. పేరు మాత్రం ఇంకా ఎకానమీయే.

ఎందుకు పెరిగిందంటే కారణాలకి కొదవ లేదు. ఈ దేశం తినేదాంట్లో 90 శాతం పైగా బయటినుంచి రావాల్సిందే. 2022 జూన్ 1న మలేషియా కోళ్ళ ఎగుమతి ఆపింది. అప్పట్లో ఇక్కడి కోడిలో మూడో వంతు అక్కడిదే, ఆ వారం చికెన్ రైస్ కొట్ల ముందు జనం మొహాలు చూడాలి. తర్వాత జీఎస్‌టీ 7 నుంచి 2023 జనవరిలో 8కి, 2024 జనవరిలో 9కి ఎక్కింది. పౌరుల ఇళ్ళకి ప్రభుత్వం వోచర్లు ఇస్తోంది, హాకర్ దగ్గర ఫోన్ చూపిస్తే అందులోంచి తగ్గిపోతుంది. మనం పౌరులం కాదు కాబట్టి అడిగే హక్కూ లేదు, ఏడ్చే హక్కూ లేదు. నేను చేసిన సర్దుబాటల్లా కోడి ముక్క వారానికి మూడు రోజులు చేసుకోవడం, పొద్దున కాఫీ ఆఫీసు ప్యాంట్రీలో తాగడం, మధ్యాహ్నం నీళ్ళ సీసా గదినుంచి మోసుకెళ్ళడం. చెప్పుకోదగ్గ కష్టాలేం కావు.

ఆ ఆంటీ దగ్గర అన్నం ఎక్కువ కావాలంటే 50 సెంట్లు. బోర్డు మీదే రాసి ఉంటుంది. ‘యాడ్ రైస్’ అంటాను, ఇంకో గరిటె వేస్తుంది, 50 సెంట్లు తీసుకుంటుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నాకు మనసులో ముల్లు గుచ్చుకోలేదు. పైగా “గ్రేవీ?” అని తనే అడిగి, డబ్బుల్లేకుండా అన్నం మీద కూర పులుసు పోస్తుంది. అన్నం అమ్మకం, పులుసు ఉచితం. ఇదేం లెక్కో అని మొదట్లో నవ్వుకున్నాను, తర్వాత అలవాటైపోయింది.

మరి మన హోటల్లో అదే అన్నానికి ఎందుకు కోపమొచ్చింది?

2019లో అక్కడ మీల్స్ 10 డాలర్లు, సర్వీసు చార్జీ, పన్ను కలిపి 11.77 అయ్యేది. వారానికి ఒక్కపూట, ఆకేసి, పప్పు, వేపుడు, పులుసు, గోంగూర, గడ్డ పెరుగు. అన్నం ఎంతైనా. ఫుల్ మీల్స్ అంటే అంతేగా. ప్లేట్ మీల్స్ అని బోర్డు పెట్టినచోట కొలిచిపెడితే నేనేమీ అనను, మా గుంటూరు బ్రాడీపేటలో కూడా కొలిచే పెడతారు. ఇక్కడ మీల్స్ అన్న పేరు మారలేదు. అన్నం బేసిన్‌తో మనిషి బల్లల మధ్య తిరగడమూ మానలేదు. 2023 జూలై 20న ఇండియా బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి నిషేధించింది కదా, ఇక్కడ సోనామసూరి సంచి ధర ఎగిరింది. ఆ తర్వాతే మెనూ అడుగున ‘ఎక్స్‌ట్రా రైస్ 2.00’ అని కొత్త గీత చేరింది. 2024 సెప్టెంబరులో నిషేధం ఎత్తేశారు. గీత అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు మీల్స్ 14, మారు అన్నం 2, మొత్తం 16. దీని మీద 10 శాతం సర్వీసు చార్జీ, 17.60. సర్వీసు చార్జీతో సహా అంతటి మీదా 9 శాతం పన్ను, 19.18. మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు పెట్టడానికి అర్థం ఇదే. రూపాయల్లోకి గుణించే జబ్బు ఇన్నేళ్ళయినా పోలేదు నాకు. పన్నెండు వందల రూపాయల పైమాటే. ఆ డబ్బుతో తెనాలిలో మా ముగ్గురం తిని, కిళ్ళీలు కట్టించుకుని, ఆటోలో ఇంటికి రావచ్చు.

అయినా నా బాధ ఆ 2 డాలర్లు కాదనే నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. మెట్రోలో చెప్పుకున్నాను, గదిలో చెప్పుకున్నాను. మన దగ్గర మారు అడగడం అంటే ఏమిటి? అసలు అడగాల్సి రావడమే వడ్డించేవాడి తప్పు. మేం డొక్కా సీతమ్మగారి పేరు చెప్పుకుని పెరిగినవాళ్ళం, అర్ధరాత్రి గోదావరి దాటొచ్చినవాడికి పొయ్యి వెలిగించి వండిపెట్టిన మనిషి అని. అలాంటి జాతిలో పుట్టి, ఒక తెలుగు కుర్రాడు ఇంకో తెలుగువాడితో మారు అడగొద్దంటాడా! ఇలా సాగింది నా ఉపన్యాసం, వినేవాళ్ళు ఎవరూ లేకపోవడంతో అడ్డూ లేకపోయింది. సీతమ్మగారు సింగపూర్లో కొట్టు అద్దె కట్టలేదనీ, పనివాళ్ళ తలకింత అని ప్రభుత్వానికి నెలనెలా లెవీ కట్టలేదనీ అప్పుడు గుర్తురాలేదు.

రాత్రి మా ఆవిడకి చెప్పాను. జాలి పడుతుందనుకున్నాను. “పోయినసారి వచ్చినప్పుడు మనం తిన్న హోటల్లో ‘కూరలు ఒక్కసారే’ అని గోడ మీద రాసి లేదూ? అప్పుడు నోరెత్తలేదేం?” అంది. నిజమే. అది చదివి కూడా చదవనట్టు కూర్చున్నాను. సొంతూరు కదా, చూసీ చూడనట్టు పోవడం తేలిక. “అయినా ఆ పిల్లాడు అడగొద్దని ఎందుకన్నాడో కనుక్కున్నావా?” అని కూడా అడిగింది. కనుక్కోలేదు.

రెండు ఆదివారాలు అటు పోలేదు. పౌరుషం. ఒకసారి పిజ్జా, ఒకసారి టెక్కా సెంటర్లో బిర్యానీ. మూడో ఆదివారం బియ్యం కోసం సెరంగూన్ రోడ్డుకి వెళితే, హోటలు వెనక సందులో బీరు పెట్టెల పక్కన కూర్చుని ఆ కుర్రాడే కనిపించాడు. మూడున్నర అవుతోంది, అప్పుడు తింటున్నాడు. నన్ను చూసి లేవబోయాడు. వద్దని పక్కనే నిలబడ్డాను.

కావలి దగ్గర ఊరట. డిగ్రీ చదివేటప్పుడు పెళ్ళిళ్ళకి కేటరింగ్ పనికి వెళ్ళేవాడట, రోజుకి 400 రూపాయలు. “అక్కడ మా మేస్త్రి ఒకటే చెప్పేవాడన్నా. ఆకు మీద చేయి అడ్డం పెట్టేదాకా గరిటె ఆపొద్దు, వద్దన్నా ఇంకోసారి అడుగు, అని. ఇక్కడ మొదటిరోజే ఓనరు చెప్పాడు, అడిగితేనే వెయ్యి, వేస్తే బిల్లు టాబ్లెట్లో కొట్టు, అని.” కొందరు మారు వేయించుకుని బిల్లు చూశాక గొడవ పడతారట. గొడవ పడితే ఆ 2 డాలర్లు బిల్లులోంచి తీసేసి ఇతని లెక్కలో రాస్తారు. నేనెప్పుడూ గొడవ పడలేదే అన్నాను. “మీరు పడరన్నా. మొహం మాడ్చుకుంటారు. మీరు మారు అన్నప్పుడల్లా కొట్టాలా వద్దా అని నాకు చెయ్యి ఆడదు. రెండుసార్లు కొట్టలేదు కూడా.”

ఏ రెండుసార్లో నాకు తెలియదు. బిల్లులు ప్రతిసారీ చూస్తాననే అనుకునేవాణ్ణి.

ఆ 10 శాతం సర్వీసు చార్జీ నీకేమన్నా వస్తుందా అని అడిగాను. నవ్వి పెరుగు కలుపుకున్నాడు. అతని పళ్ళెంలో అన్నం గుట్టగా ఉంది, పక్కన వేపుడు అడుగూబొడుగూ. పనివాళ్ళకి అన్నం ఎంతైనా తినొచ్చట. ఆ ఒక్కటీ ఓనరు మంచివాడు అన్నాడు. నేను పూర్తిగా ఒప్పుకోలేదు. అద్దెలు, లెవీ, బియ్యం అన్నీ సరే, ఆ లెక్కలో చివరికి 2 డాలర్లు తగ్గేది కావలి కుర్రాడి జేబులోనా? కానీ అది నేను అతనితో వాదించాల్సిన సంగతి కాదు. ఇంకో మాట కూడా ఉంది, ఒప్పుకోక తప్పదు. ఊరికే వేసే రోజుల్లో ఆ మారు అన్నంలో సగం ఆకులో వదిలి లేచేవాణ్ణి. వదలడం కూడా ఫుల్ మీల్స్‌లో భాగమే అన్నట్టు.

పోయిన ఆదివారం వెళ్ళి అదే బల్ల దగ్గర కూర్చున్నాను. అతను నీళ్ళు పెట్టగానే, “మీల్స్ ఒకటి, ఎక్స్‌ట్రా రైస్ ఒకటి. రెండూ ఇప్పుడే కొట్టెయ్,” అన్నాను. కొట్టాడు. అన్నం గిన్నె విడిగా తెచ్చి పెట్టాడు. చిన్న గిన్నె, మా పాప తినే అంత. పప్పుతో మొదలుపెట్టి, పులుసుకి వచ్చేసరికి ఆ గిన్నె వంచుకున్నాను. కలపబోతుంటే పప్పు బకెట్‌తో వచ్చి పక్కన నిలబడ్డాడు.

“పప్పు వెయ్యనా అన్నా?”

కౌంటరు వైపు చూశాను. ఓనరు ఫోన్లో ఉన్నాడు.

“పప్పుకి టాబ్లెట్లో బటన్ లేదన్నా,” అంటూ గరిటె వంచాడు. ఒక గరిటె పడింది, రెండోది పడింది. ఆకు మీద చేయి అడ్డం పెట్టాను, కాస్త ఆలస్యంగా.