నల్లబడిన మెట్టెలు

జూన్ 24, కవాయు.

తెల్లవారుజామున మూడు గంటల నలభై నిమిషాలకే పరదా అంచుల నుంచి వెలుతురు గదిలోకి వచ్చేసింది. జపాన్ దేశమంతటికీ ఒకటే గడియారం, హొక్కైదో దీవి తూర్పు భాగమేమో దేశానికే ఒక తూర్పు అంచు, పైగా ఇవి ఏడాదిలోకెల్లా పొడవైన పగళ్లు. అందువల్ల ఇక్కడ సూర్యుడు మన పాలవాడికన్నా చాలా ముందు వస్తాడు. మా వారు దుప్పటి ముఖం మీదికి లాక్కుని అటు తిరిగి పడుకున్నారు. నిన్న రాత్రి "రేపు చూద్దాంలే" అని వాయిదా వేసిన పనికి ఇక సాకు దొరకక, నేను తువ్వాలు పట్టుకుని కింది అంతస్తులోని స్నానశాలకు దిగాను.

ఆ పని గురించి రాయడానికి ఇప్పటికీ కొంచెం బిడియంగానే ఉంది. ఇక్కడి వేడినీటి బుగ్గల స్నానాన్ని ఒన్సెన్ అంటారు. ఆడవారికి వేరు, మగవారికి వేరుగా గదులుంటాయి కానీ, తొట్టిలోకి దిగేటప్పుడు ఒంటి మీద నూలుపోగు ఉండకూడదు. గోదావరి పుష్కరాల్లో వేలమంది మధ్య తడి చీరతో మూడు మునకలు వేసి గట్టెక్కిన నాకు, లోపల ఒకే ఒక్క ముసలావిడ ఉన్న గదిలో అడుగు పెట్టడానికి పది నిమిషాలు పట్టింది. ముందుగా గోడవారన చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో ఒళ్లంతా శుభ్రంగా రుద్దుకోవాలి, నురగ పోయేదాకా కడుక్కోవాలి, జుట్టు పైకి ముడి వేసుకోవాలి, చేతిలోని చిన్న తువ్వాలు తొట్టి నీళ్లకు తగలనివ్వకూడదు. అంటే మురికి వదిలించుకున్నాకే స్నానం. ఇది విన్నప్పుడు వింతగా తోచింది గానీ, ఏటికి పోయే ముందు నూతి దగ్గర కాళ్లు కడుక్కుని పొమ్మనే మా అమ్మమ్మకు ఇది చక్కగా నచ్చి ఉండేది.

గాజులు, కమ్మలు గదిలోనే తీసి పెట్టాను. పుస్తెలు బంగారమే కదా అని ఉంచుకున్నాను. మెట్టెలు మాత్రం ముప్పై నాలుగేళ్లుగా వేళ్లలో ఇరుక్కుపోయి, సబ్బు రాసినా ఊడి రాలేదు. నీళ్లలోకి కాళ్లు పెట్టగానే ఆ ముసలావిడ వాటిని చూసి, వేలు చూపించి, "కురొకు నారు, కురొకు నారు" అని రెండుసార్లు అన్నది. బాగున్నాయంటోందనుకుని నేను నవ్వి తల వంచి నమస్కరించాను. ఆవిడ కూడా నవ్వి ఊరుకుంది. అంతకు మించి ఆవిడ నా వంక చూడలేదు, నేనూ ఆవిడ వంక చూడలేదు. కాసేపటికి నాకు బట్టలు లేవన్న సంగతే గుర్తు లేదు.

కవాయు నీళ్లు జపాన్‌లో కూడా బాగా ఆమ్లగుణం కలవి. పీహెచ్ రెండుకన్నా తక్కువ, అంటే నిమ్మరసంతో పోటీపడే పులుపు. నిన్న దోమ కుట్టి గోకిన చోటల్లా చురుక్కుమంది, పెదవికి తగిలిన చుక్క చింతకాయ రుచిగా ఉంది. ఇనుప మేకును ఈ నీటిలో వదిలేస్తే రెండు వారాల్లో కరిగిపోతుందని ఊళ్లో గొప్పగా చెప్పుకుంటారు. ఊరి మధ్య నుంచి పారే వాగులోనూ వేడినీళ్లే. పొద్దున్నే దాని మీద ఆవిరి లేస్తుంటే ఎవరో పెద్ద గంగాళంలో నీళ్లు కాచి వదిలేసినట్టుంది. ఈ నేల మీద మొదటి నుంచీ ఉన్న ఐను జాతివారు దీన్ని "వేడి ఏరు" అని పిలిచేవారు, ఆ మాటనే జపానీలోకి తిప్పితే కవాయు అయింది.

తొమ్మిదింటికి కారు తీశాను. ఇంట్లో డ్రైవింగు వచ్చినది నాకే. నలభై అయిదేళ్ల వయసులో ఖమ్మంలో నేర్చుకున్నాను. మా వారు పక్క సీట్లో కూర్చుని దారి చెబుతారు, బ్రేకు లేని చోట కాలితో బ్రేకు కూడా వేస్తారు. పాప సపోరోలో పరిశోధన చేస్తోంది, దానికి సెలవు దొరకనందున మేమిద్దరమే రైల్లో కుషిరో దాకా వచ్చి అక్కడ బండి అద్దెకు తీసుకున్నాం. పసుపుపచ్చ నంబరు పలక ఉన్న 660 సీసీ చిన్న కారు. మన దగ్గర తీసుకున్న అంతర్జాతీయ లైసెన్సు చెల్లింది, ఇక్కడా ఎడమవైపే నడపాలి, కాబట్టి చేతులకు కొత్త లేదు. కొత్తంతా చెవులకే. మూడు రోజులయింది, నేను హారను ముట్టలేదు, ఎవరూ నా వెనక కొట్టలేదు. రైలు గేటు తెరిచే ఉన్నా, పట్టాల మీద ఏమీ రాకపోయినా, ప్రతి బండీ గీత దగ్గర పూర్తిగా ఆగి అటూ ఇటూ చూసి గాని కదలదు. అలా ఆగడం ఇక్కడ చట్టం. మొదటి రోజు నేను మన అలవాటు ప్రకారం నెమ్మది చేసి దాటేశాను, అది తలచుకుంటే ఇప్పటికీ ముఖం కందిపోతుంది.

రోడ్డు పక్కన వరుసగా ఎత్తైన స్తంభాలు, వాటి నుంచి రోడ్డు మీదికి వేలాడుతూ ఎరుపు తెలుపు చారల బాణాలు కనిపిస్తాయి. అన్నీ కిందికే చూపిస్తాయి. రెండు రోజులు ఇవేమిటో అర్థం కాలేదు. శీతాకాలంలో మంచు కప్పేసినప్పుడు రోడ్డు అంచు ఎక్కడో తెలియదు కాబట్టి, ఆ బాణం మొన కిందనే అంచు అని గుర్తట. ఎండలో, పచ్చటి ఆకుల మధ్య, లేని మంచును చూపిస్తూ నిలబడ్డ ఆ బాణాలు నాకు ఈ ప్రయాణంలో అన్నిటికన్నా ఎక్కువ నచ్చాయి.

ఇయోజాన్ అంటే గంధకపు కొండ. ఐను భాషలో అతోసానుపురి, "బోడి కొండ". కారు ఆపిన చోటి నుంచే బుసలు వినిపిస్తాయి. పసుపుపచ్చగా పేరుకుపోయిన బిలాల నుంచి ఆవిరి ఎగదన్నుతుంటే, కుళ్లిన కోడిగుడ్డు వాసన ముక్కు పుటాలు దాటి గొంతులోకి దిగుతుంది. ఆ పొగలోనే ఉడికించిన గుడ్లు అక్కడ అమ్ముతారు. మా వారు ఆ వాసనకు ఈ తిండి సరిగ్గా సరిపోయిందని రెండు తిన్నారు. నాకు తినబుద్ధి కాలేదు. 1880లలో ఈ గంధకాన్ని తవ్వడానికి షిబేచా జైలు ఖైదీలను తెచ్చి ఈ పొగలో పని చేయించారు, ఎందరో కళ్లు పోగొట్టుకున్నారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. సరుకు మోయడానికి 1887లోనే ఇక్కడి నుంచి షిబేచాకు రైలు మార్గం వేశారు. గంధకం కలిసిన అగ్గిపుల్ల గీసినప్పుడు మనం ఇవేవీ తలచుకోం. కొండ కింద మాత్రం, ఆ ఆమ్లపు నేలలోనే, మోకాలెత్తు పొదలు తెల్లటి పూలతో మైదానమంతా నిండిపోయి ఉన్నాయి. మామూలుగా ఎత్తైన పర్వతాల మీద పెరిగే మొక్కలు ఇవి. ఇతర చెట్లు బతకలేని చోటు కాబట్టి ఇక్కడ ఇంత కిందికి దిగి వచ్చాయి.

మాషూ సరస్సు గురించి ఎక్కువ రాయడానికి ఏమీ లేదు, ఎందుకంటే కనబడలేదు. దక్షిణాన పసిఫిక్ మీది వెచ్చటి తేమగాలి చల్లటి సముద్రప్రవాహం మీదుగా వస్తూ పొగమంచు అవుతుంది, అది వచ్చి ఈ లోయలో నిండిపోతుంది. 1931లో ఈ నీటిలోకి దించిన తెల్లటి పళ్లెం 41.6 మీటర్ల లోతు దాకా కంటికి ఆనిందని చదివి ఎంతో ఆశతో వెళ్లాను. మాకు కటకటాల అవతల రెండు మీటర్లు కూడా ఆనలేదు. ఒక్క నిమిషం పాటు తెర చిరిగి, ఎక్కడో అడుగున చిక్కటి నీలం తళుక్కుమని మళ్లీ మూసుకుంది. "టికెట్టు లేదు కదా, ఫరవాలేదు" అన్నారు మా వారు.

తెషికాగాలో పెట్రోలు పోయించడానికి ఆగాం. మనమే పోసుకునే బంకు. ఎరుపు పిడి మామూలు పెట్రోలు, పసుపు ఖరీదైన పెట్రోలు, ఆకుపచ్చ డీజిలు. మా వారు చొరవగా దిగి ఆకుపచ్చ పిడి అందుకున్నారు. "ఏమండీ, అది కాదండీ!" అని నేను వేసిన కేకకు మూడు రోజులుగా నిశ్శబ్దంగా ఉన్న ఆ ఊరు ఉలిక్కిపడి ఉంటుంది. ఆ తరువాత కాసేపు కారులో ఎవరమూ మాట్లాడుకోలేదు.

కుస్షారో జపాన్‌లోని అగ్నిపర్వత బిలాల సరస్సులన్నిటిలోకీ పెద్దది. కొతాన్ అనే చోట సరస్సు గట్టునే రాళ్లు పేర్చిన వేడినీటి మడుగు ఉంది, ఆడా మగా మధ్య ఒక పెద్ద బండరాయి మాత్రమే తెర. ఇద్దరు మగవాళ్లు మునిగి కూర్చున్నారు కాబట్టి దూరం నుంచే చూసి వచ్చేశాను. ఇంకొంచెం ముందుకు వెళితే సునాయు వస్తుంది. "సునా" అంటే ఇసుక, "యు" అంటే వేడినీళ్లు. ఒడ్డున ఇసుకను చేత్తో తవ్వితే వేడినీళ్లు ఊరతాయి.

బూట్లు, మేజోళ్లు విప్పి కూర్చుని తవ్వడం మొదలుపెట్టాను. జానెడు లోతుకు ఇసుక చెమ్మగిల్లింది, ఇంకో బెత్తెడు తీసేసరికి వేళ్ల చివర్లకు గోరువెచ్చగా తగిలింది, ఆ తరువాత గుంట అంచులు జారి పడుతుండగా అడుగు నుంచి నీళ్లు మెల్లగా పైకి వచ్చాయి. ఈ పని నా చేతులకు తెలుసు. భద్రాచలం పక్కన గుండాలలో, చలికాలం గోదావరి తగ్గినప్పుడు, అమ్మమ్మ నన్ను ఇసుకతిన్నె మీద కూర్చోబెట్టి ఇలాగే తవ్వించేది. అక్కడా ఇసుక తీస్తే వేడినీళ్లు వస్తాయి. త్రిమూర్తులు ఆ నీటిలో స్నానానికి వస్తారని ఆవిడ చెప్పేది, నేను గుంటలో వాళ్ల కాళ్లు కనబడతాయేమోనని వంగి చూసేదాన్ని. (ఇప్పుడు గుండాల ఆంధ్రలో ఉంది, భద్రాచలం తెలంగాణలో ఉంది, వేడినీళ్లకు ఆ సంగతి తెలియదు.) యాభై ఏళ్ల తరువాత మళ్లీ గోళ్ల నిండా తడి ఇసుకతో కూర్చుని ఉంటే, పక్కన మూడేళ్ల జపాను పిల్లవాడొకడు తన ఎర్రటి ప్లాస్టిక్ పార తెచ్చి నాకిచ్చాడు. వాడి లెక్కలో నేను చాలా నెమ్మదిగా తవ్వుతున్నాను.

గుంటలో పాదాలు పెట్టాక, ఇసుక కడుక్కుపోయి వేళ్లు బయటపడ్డాయి. రెండు మెట్టెలూ బొగ్గులా నల్లగా ఉన్నాయి. మా వారు చూసి, పెట్రోలు బంకు తరువాత మొదటిసారి నోరు విప్పి, "నాకేమీ కాలేదు కదా ఇంకా" అన్నారు. నేను నవ్వలేకా ఊరుకోలేకా ఆయన మీద నీళ్లు చల్లాను.

తిరుగుదారిలో, సాయంత్రం వెలుగు సన్నగిల్లుతుండగా, ఒక లేడి రోడ్డు మధ్యకు వచ్చి నిలబడి మా వంక చూసింది. బ్రేకు వేసి ఆగాను. అది వెళ్లాక కదలబోతే మా వారు చెయ్యి పట్టుకుని ఆపారు. నిజమే, వెనక ఇంకా రెండు ఉన్నాయి.

రాత్రి పాపకు ఫోను చేసి "కురొకు నారు" అంటే ఏమిటని అడిగాను. "నల్లబడుతుందని అమ్మా, ఎవరన్నారు, దేని గురించి?" అంది. చెప్పాను. అది పడిపడి నవ్వింది. ముప్పై ఏళ్లు పిల్లలకు వెండి మీద గంధకం పనిచేస్తే నల్లటి పొర కడుతుందని నల్లబల్ల మీద రాసి బోధించిన సైన్సు టీచరు, గంధకపు నీళ్లలో వెండి మెట్టెలతో దిగిందని తన ప్రయోగశాలలో అందరికీ చెబుతుందట. ఇంట్లో అయితే విభూతితో తోమేదాన్ని. ఇక్కడ టూత్‌పేస్టు పెట్టి, పాత బ్రష్షుతో తొట్టి అంచున కూర్చుని అరగంట రుద్దాను. కుడికాలిది కాస్త తెల్లబడింది. ఎడమకాలిది అలాగే ఉంది. రేపు పొద్దున్న మళ్లీ అదే నీళ్లలో దిగాలి కదా అని బ్రష్షు పక్కన పెట్టేశాను.