కాల్షియం దగ్గర బోల్తా పడ్డా, ఐరన్ దగ్గర మళ్ళీ పడ్డా

ఫ్రెండ్స్, ఎలక్ట్రాన్ విన్యాసం (పరమాణువులో ఏ కర్పరంలో ఎన్ని ఎలక్ట్రాన్లు ఉంటాయో రాయడం) ఈజీ చాప్టరే కదా అని నేను ఒక్క సాయంత్రంలో కానిచ్చేసి, మాక్ టెస్టుల్లో వరసగా దెబ్బలు తిన్నాను. మొదటి కర్పరం కే లో 2, తర్వాత ఎల్ లో 8, ఎమ్ లో 18, ఎన్ లో 32, ఈ 2ఎన్² లెక్క (ఇక్కడ ఎన్ అంటే కర్పరం నంబరు) బట్టీ పట్టేసి, 20 ఎలక్ట్రాన్లున్న కాల్షియంకి 2, 8, 10 అని రాసేశా. కరెక్ట్ ఆన్సర్ 2, 8, 8, 2. ఎమ్ లో 18 పడతాయంటే అన్నీ నిండేదాకా నాలుగో కర్పరం ఆగుతుందని కాదు, అది గరిష్ఠం మాత్రమే అని అప్పుడు గానీ బుర్రకెక్కలేదు.

దీనికి నన్ను గట్టెక్కించింది ఎన్ ప్లస్ ఎల్ రూల్. ఎన్ అంటే కర్పరం నంబరు, ఎల్ అంటే అందులోని ఉపకర్పరం నంబరు, ఎస్ కి 0, పి కి 1, డి కి 2. 4ఎస్ కి 4+0 అంటే 4, 3డి కి 3+2 అంటే 5, తక్కువున్నది ముందు నిండుతుంది కాబట్టి పొటాషియం, కాల్షియంలో చివరి ఎలక్ట్రాన్లు 4ఎస్ లోకి పోతాయి, 3డి స్కాండియంతో మొదలవుతుంది. మొత్తం సమానమైతే ఎన్ తక్కువున్నదే ముందు, అందుకే 4పి కన్నా 3డి ముందు.

క్రోమియం 3డి5 4ఎస్1 (అంటే 3డి లో 5, 4ఎస్ లో 1 ఎలక్ట్రాన్), కాపర్ 3డి10 4ఎస్1, ఇవి అందరికీ తెలిసినవే, సగం నిండినా పూర్తిగా నిండినా స్థిరత్వం ఎక్కువ అని పుస్తకాల్లో ఉంటుంది. కానీ దాన్ని పట్టుకుని ఆ గ్రూపు కిందికంతా లాగేయకండి, మాలిబ్డినం క్రోమియంలాగే 4డి5 5ఎస్1 అయినా దాని కిందున్న టంగ్‌స్టన్ మాత్రం 5డి4 6ఎస్2! పల్లాడియం ఇంకో మొండిఘటం, 4డి10 నిండి 5ఎస్ ఖాళీ.

నన్ను బాగా ఏడిపించింది మాత్రం అయాన్లు, అంటే ఇక్కడ ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న పరమాణువులు, టూ ప్లస్ అంటే రెండు పోయినట్టు. ముందు నిండింది 4ఎస్ కదా, పోయేటప్పుడు 3డి వే పోతాయనుకుని ఐరన్ టూ ప్లస్‌కి 3డి4 4ఎస్2 అని రాశా, తప్పు. ముందు పోయేవి బయటి కర్పరంలోవి, అంటే 4ఎస్ వే, కాబట్టి 3డి6. త్రీ ప్లస్ అయితే 3డి5.

తర్వాత రోజూ ఒకటి నుంచి 30 దాకా చూడకుండా రాసి, ఎలక్ట్రాన్లు కూడి పరమాణు సంఖ్యతో సరిచూసుకునేవాణ్ణి, బోర్ కొట్టేది నిజమే. మీరు ఇప్పుడే ఒకటి ట్రై చేయండి, మాంగనీస్ టూ ప్లస్, ఐరన్ త్రీ ప్లస్, రెండిట్లో ఒంటరి (జత లేని) ఎలక్ట్రాన్లు దేనికి ఎక్కువ? హుండ్ నియమం ప్రకారం (ఒకే ఉపకర్పరంలోని ప్రతి బాక్సులో ముందు ఒక్కోటి పెట్టాకే జత కట్టాలి) బాక్సులు గీసి చూడండి, రెండిటికీ 5 రాకపోతే 4ఎస్ వి ముందు తీసేయడం ఎక్కడో మర్చిపోయారన్నమాట.